చేతులు జేబులో పెట్టుకున్న పెద్దమ్మ

ఆ రోజుకి వేసుకున్న ఏర్పాటులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే టీ తాగడం, పోస్టరు చుట్టిపెట్టిన గొట్టం చంకన పెట్టుకుని ఎసెన్ వ్యాను ఎక్కడం, నారిన్ పట్నం కాలేజీలో సభ మొదలయ్యేలోగా పోస్టరు గోడకెక్కించడం, భోజనాల ముందే చెల్లెలి కూతురు బేగాయిం తన పది నిమిషాలూ మాట్లాడెయ్యడం, చీకటి పడకముందే ఇంటికొచ్చి ఆవు పాలు పితకడం. అంతా ఇంత సాఫీగా ఉండబట్టే ఊల్కాన్‌కి గుండెలో దడ పట్టుకుంది.

అసలు ఊల్కాన్ దడ పడని పూట లేదు. కెటిల్ కూత వెయ్యడం కాస్త ఆలస్యమైనా, కుక్క రోజూకన్నా తక్కువ మొరిగినా ఆమె పెదవులు కదులుతాయి. లోలోపల ఓ ప్రార్థన చెప్పుకుని, రెండు అరచేతులూ ఎత్తి ముఖం మీదుగా కిందికి తుడుచుకుంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నలుగురిలో ఉన్నప్పుడే చిక్కు. పెద్దవాళ్ళు అలా ముఖం తుడుచుకున్నారంటే దీవెన పూర్తయింది, విందు ముగిసింది అని అర్థం. చుట్టూ ఉన్నవాళ్ళు తథాస్తు అన్నట్టు “ఓమియిన్” అని తామూ ముఖం తుడుచుకుని లేవాల్సిందే. ఆ తరవాత మళ్ళీ కూర్చుని ఎముక కొరికేవాణ్ణి ఆ కొండల్లో మనిషిగా లెక్కవెయ్యరు. అలాగే, ఆ చేతులు లేవనంతవరకూ ఎంత పనున్నా ఎవరూ కదలరు.

ఆ పొద్దున కూడా అదే జరిగింది. గొట్టం తలుపు పక్కన నిలబెట్టి ఉంది. వ్యానులో ఎవరైనా దాని మీద కూర్చుంటే? ఆ ఆలోచన రాగానే ఊల్కాన్ చేతులు లేచాయి. వ్యాను నడిపే ఎసెన్ నోట్లో వేయించిన పిండిముక్క ఉండగానే “ఓమియిన్” అని లేచి నిలబడ్డాడు. బేగాయిం తన ముక్క మీగడలో ముంచనైనా లేదు.

“పెద్దమ్మా! నేనింకా మొదలే పెట్టలేదు!”

“నా చేతులు, నా మొహం. మిమ్మల్నెవరు లెమ్మన్నారే?”

“లేవకుండా ఎలా ఉంటామత్తా? మా అమ్మ కొట్టిన దెబ్బలు నేను మర్చిపోయినా కాళ్ళు మర్చిపోవు,” అన్నాడు ఎసెన్, మీగడ గిన్నెకేసి దిగులుగా చూస్తూ. “నీతో ఇదే తంటా. టీ చూస్తే కప్పు అడుగు తడిసేంతే పోసి ఉండమంటావు. చేతులెత్తి పొమ్మంటావు.”

టీ సంగతి నిజమే. కప్పు నిండా పోస్తే ఇక దయచెయ్యమన్నట్టు. ఊల్కాన్ తన జన్మలో ఎవరికీ కప్పు నిండా పొయ్యలేదు. పంపడమంటే ఆమెకు భయం. చెల్లెల్ని పంపింది. ఒక్క శీతాకాలం మాస్కోలో బట్టలు కుట్టి వస్తానన్న ఆ చెల్లెలు, బేగాయిం తల్లి, తిరిగి రాలేదు. పక్కింటి కోడళ్ళిద్దర్నీ పంపింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చెయ్యూపడం ఊల్కాన్‌కి వచ్చినంత బాగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ రాదు.

ఇప్పుడు బేగాయిం వంతు వచ్చేలా ఉంది. మాస్కోలో కుట్టు దుకాణంలో చోటుందని అక్కడి బంధువులు కబురుపెట్టారు. ఆ పిల్ల చదివిందేమో గడ్డి గురించి. పచ్చిక బయళ్ళ పరిశోధన కేంద్రానికి పెద్ద అయిన మెదెర్ గారు ఈ సభకు వస్తున్నారు. మాట్లాడబోయే కుర్రవాళ్ళలో ఒక్కరిని కేంద్రంలోకి తీసుకుంటారు. ఆయన ఆ పది నిమిషాలూ విన్నారా, ఇక్కడే ఉద్యోగం. వినలేదా, మాస్కో బస్సు.

ఆ పది నిమిషాల కోసం బేగాయిం పడ్డ పాటు చూస్తే ఊల్కాన్‌కి గర్వంగానూ ఉండేది, జాలిగానూ ఉండేది. మొదట ఆ పిల్ల తన పనికి పెట్టుకున్న పేరు, ‘మధ్యస్థాయి పర్వత ప్రాంత పచ్చిక క్షీణతకు దోహదపడు సామాజిక, రవాణా కారకముల తులనాత్మక పరిశీలన’. ఆమెకు చదువు చెప్పిన కాలిపా టీచరు అది చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసింది.

“ఇది చదవడం అయ్యేసరికి గడ్డి మొలిచి, ఎండి, గొర్రెలు మేసి కూడా పోతాయే పిల్లా. నువ్వు కనిపెట్టిందేంటో మీ పెద్దమ్మకి చెప్పినట్టు చెప్పు.”

“నది మీద వంతెన కూలిపోయింది కదా టీచర్. మందలన్నీ అవతలికి పోలేక ఇవతలి కొండనే మేస్తున్నాయి. అందుకే ఇటు బోడి. గడ్డికి రోగమూ లేదు, కరువూ లేదు.”

“మరైతే ఏం చెయ్యాలి?”

“వంతెన కడితే గడ్డి మొలుస్తుంది.”

“అదీ పేరంటే!”

అప్పటినుంచి వంటింట్లో రోజూ అదే పని. కాలిపా టీచరు మాటలు ఊల్కాన్‌కి కూడా కంఠతా వచ్చేశాయి. పోస్టరంటే గోడకి అతికించిన పుస్తకం కాదు, నడిచిపోయేవాడి భుజం మీద చెయ్యి వెయ్యడం. ఆగినవాడికి మిగతాది నోటితో చెప్పుకోవచ్చు. తెలిసిందంతా చెప్పాలనుకోవడం, చారులో ఇంట్లో ఉన్న ఉప్పంతా వెయ్యడం లాంటిది. పది నిమిషాలిస్తే ఇంకా కాస్త మిగిలి ఉండగానే కూర్చో, ఆ మిగిల్చిందే నీ మర్యాద. తెలియనిది అడిగితే తెలియదను. హాల్లో వెనకాల ఒక ముఖం చూసుకో, ఆ ముఖానికే చెప్పు. కరెంటు పోయినా చెప్పగలిగితేనే నీకు వచ్చినట్టు. చివరగా ఇంకోటి. ఎదుటివాడు కోటు గుండీలు పెట్టుకునే లోపల కూడా ఇదే సంగతి చెప్పగలగాలి.

బేగాయిం పోస్టరులోంచి రోజూ ఏదో ఒకటి తీసేసేది. పట్టికలు పోయాయి, బాణాలు పోయాయి, కృతజ్ఞతలు ఓ మూలకి పోయాయి. చివరికి రెండే బొమ్మలు మిగిలాయి. ఇవతలి కొండ, బోడి. అవతలి కొండ, మోకాలెత్తు గడ్డి. పైన పొయ్యి దగ్గరనుంచి చూసినా కనపడే అక్షరాల్లో ఆ ఒక్క వాక్యం. ఊల్కాన్ పిండి పిసుకుతూ అటు చూసినప్పుడల్లా, ఇంత ఖాళీ ఉంచడానికి ఎంత ధైర్యం కావాలో అనుకునేది. తనకైతే సందూకులో వేలు దూరే సందున్నా భయమే. ఎందుకైనా మంచిదని ఏదో ఒకటి కుక్కుతుంది.

వెనకాల చూసుకునే ముఖం ఊల్కాన్‌దే. అందుకే ఆమె కూడా బయల్దేరింది.

కాలేజీలో మొదటి దెబ్బ పోస్టరు దగ్గరే తగిలింది. మంచి గోడలన్నీ ముందొచ్చినవాళ్ళు పట్టేశారు. బేగాయిం పోస్టరుకి మిగిలింది వసారా చివర, కోట్లు తగిలించే కొక్కేల పక్కన.

“కోట్ల మధ్యా! మన పోస్టరుకి కూడా ఓ టోపీ పెట్టెయ్, చలేస్తుంది,” అంది బేగాయిం ఏడవలేక నవ్వుతూ.

ఊల్కాన్ వచ్చి హాల్లో ఆఖరి వరసలో కూర్చుంది. ఆమె ముందు వరసలో కొండల మీదనుంచి పిలిపించిన గొర్రెల కాపరులు తెల్లటి ఉన్ని టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన తూరార్ తాత. వేదిక మీద కాలేజీ పెద్ద స్వాగతం పలుకుతున్నాడు. “ఈ శుభసమయంలో, మన మధ్యకు విచ్చేసిన...”

కోట్లు తీసేటప్పుడు ఎవరి మోచెయ్యో తగిలి పోస్టరు చిరిగితే? ఊల్కాన్ పెదవులు కదిలాయి. చేతులు లేచాయి.

వెనక్కి చూసిన తూరార్ తాత కంట్లో ఆ చేతులు పడ్డాయి. ఆయన “ఓమియిన్” అని గంభీరంగా ముఖం తుడుచుకుని లేచాడు. తాత లేస్తే కాపరులు కూర్చుంటారా? కాపరులు లేస్తే వాళ్ళ ముందు వరస కుర్రవాళ్ళు కూర్చుంటారా? గాలికి పచ్చిక వంగినట్టు వరస తరవాత వరస చేతులెత్తి, ముఖాలు తుడుచుకుని లేచింది. ఆఖరికి కాలేజీ పెద్ద కూడా “విచ్చేసిన మెదెర్ గారు...” దాకా వచ్చి, మాట మింగేసి, ముఖం తుడుచుకుని వేదిక దిగిపోయాడు. దిగాక గుర్తొచ్చింది ఆయనకి, తను ఇంకా ఏదీ ప్రారంభించలేదని.

అప్పటికే జనం భోజనశాలలో ఉన్నారు. అక్కడ టీ నీళ్ళు కూడా మరగలేదు. దీవెన అయి వచ్చినవాళ్ళని ఖాళీ బల్లల ముందు కూర్చోబెట్టడం ఎలా అని వంటావిడ కంగారుపడి, మధ్యాహ్నానికని ఉడుకుతున్న గొర్రె మాంసం దింపి వడ్డించేసింది. మాంసం వచ్చిందంటే పంపకం వరసప్రకారం జరగాలి. తలకాయ అందరికన్నా పెద్దవాళ్ళకి. అక్కడ పెద్దవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు తూరార్ తాత. రెండోవారు ఆ కొండల్లో ప్రతి గడ్డిపరకనీ పేరుపెట్టి పిలవగలిగిన మహా పండితుడు అబ్దిల్దా గారు.

“మీరే తీసుకోవాలి. మీరు విద్యలో పెద్దలు.”

“భలేవారే. మీరు వయసులో పెద్దలు.”

“నాకన్నా మీ గెడ్డమే తెల్లగా ఉందండీ.”

“అది దిగులుతో నెరిసిందయ్యా, వయసుతో కాదు.”

తలకాయ బల్లకి ఆ చివరనుంచి ఈ చివరకి ప్రయాణం చేసి చేసి చల్లారిపోయింది. చివరికి అబ్దిల్దా గారే ఓడిపోవడంలో నెగ్గి, దాన్ని తూరార్ తాత ముందు పెట్టించారు. అంత పెద్దమనిషి తలకాయ వదులుకున్నాక ఆయనకి ఏదో ఒక గౌరవం చెయ్యకపోతే కాలేజీ పరువేం కావాలి? అందుకని సాయంత్రానికి వేసిన ఆయన ఉపన్యాసాన్ని అన్నిటికన్నా ముందుకి తెచ్చారు. బేగాయిం వంతు దాని వెనక్కి పోయింది. మెదెర్ గారేమో, కనుమ మీద మంచు పడితే దారి మూసేస్తారు, మబ్బు పట్టకముందే తను బయల్దేరాలని పొద్దున్నే చెప్పేశారు.

కాలిపా టీచరు ఊల్కాన్‌ని భోజనశాల మూలకి తీసుకెళ్ళింది.

“ఊల్కాన్ అక్కా, మా కాలేజీలో సమ్మె చేసినా సభ ఆగలేదు. నువ్వు ఆపేశావ్.”

“నేనేం చేశాను తల్లీ? పోస్టరు చిరక్కూడదని దణ్ణం పెట్టుకున్నా, అంతే.”

“చిరగదు. ఆ చేతులు మాత్రం కాస్త...”

“పెద్దమ్మా,” అంది బేగాయిం, ఆమె చేతులు రెండూ పట్టుకుని కోటు జేబుల్లో దోపుతూ. “నేను మాట్లాడి దిగేదాకా ఇవి బయటికి రాకూడదు. దురద పుట్టినా సరే.”

హాల్లో మళ్ళీ అందరూ కూర్చున్నాక కాలిపా టీచరు మైకు తీసుకుంది. “ఒక మనవి. ఇకనుంచి ఈ హాల్లో ఎవరు మొహం తుడుచుకున్నా అది చెమట. దీవెన కాదు. దయచేసి ఎవరూ లేవకండి.” అందరూ నవ్వారు. అప్పటికి అబ్దిల్దా గారు ఇంకా రాలేదు. భోజనశాలలో చేతులు కడుక్కుంటున్నారు.

ఆయన ఉపన్యాసం మొదలైంది. ఆయనకి తెలియనిది లేదు. కష్టమంతా అదే. స్లైడు మారినప్పుడల్లా తెర మీద చీమలబారులాంటి అక్షరాలు పైనుంచి కిందిదాకా పాకేవి. ఆయన ప్రతి చీమనీ ఆపి పలకరించేవారు. ఇది రెండో అధ్యాయంలో మూడో భాగం అని ఆయన చెప్పినప్పుడు కాపరుల్లో ఒకరు గురకపెట్టారు. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ మాటకి అడ్డుతగిలేవారు పుట్టలేదు. కాలిపా టీచరు గడియారం చూసింది, దగ్గింది, మళ్ళీ దగ్గింది. అబ్దిల్దా గారు దయగా, ఆమెకి మంచినీళ్ళివ్వమన్నారు.

కిటికీలోంచి కనుమ మీద బూడిదరంగు మబ్బు కనపడుతోంది. మెదెర్ గారు అటు చూశారు. కాసేపాగి మళ్ళీ చూశారు. కుర్చీ కిందికి వంగి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ముందు వరస చివర కూర్చున్న బేగాయిం అది చూసింది. వెనక్కి తిరిగి, హాలంతా దాటి పెద్దమ్మ ముఖం కోసం వెతికింది. ఊల్కాన్ ఆ చూపు ఎరుగును. మాస్కో బస్సు అద్దం వెనకనుంచి చెల్లెలు చూసిన చూపు అదే. నవ్వుదామని మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయిన చూపు.

జేబుల్లోంచి చేతులు బయటికొచ్చాయి. ఈసారి వాటంతటవి రాలేదు. ఊల్కానే తీసింది. జీవితంలో మొదటిసారి ఆమె దడతో కాకుండా పట్టుదలతో ప్రార్థించింది. ‘దేవుడా, ఆ పెద్దాయనకి నూరేళ్ళివ్వు. నూటపదేళ్ళిచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఇవాళ్టికి మాత్రం చాలనిపించు.’ అరచేతులు పైకెత్తి, అందరికీ కనపడేలా, నుదుటినుంచి గెడ్డందాకా తుడుచుకుంది.

ఎవ్వరూ కదల్లేదు.

తూరార్ తాత వెనక్కి తిరిగి అభయమిస్తున్నట్టు తలూపాడు. “చెమటే కదమ్మా. మాకు తెలుసులే.”

ఊల్కాన్‌కి ఆ క్షణాన నేల చీలి తనని మింగేసినా బాగుండుననిపించింది. అంతలో వేదిక మీద చప్పుడు ఆగింది. చెమట సంగతి వినని మనిషి ఆ హాల్లో ఒక్కరే ఉన్నారు. అబ్దిల్దా గారు కళ్ళజోడు పైనుంచి ఆఖరి వరసలోని పెద్దావిణ్ణి చూశారు. ఆవిడ చేతుల్ని చూశారు. చిన్నప్పుడు ఆయనకీ ఓ తల్లి ఉండేది. ఆయన కాళ్ళకీ జ్ఞాపకశక్తి ఉంది. చదువుతున్న వాక్యం సగంలో వదిలేసి, కాగితాలు మూసి, “ఓమియిన్” అని ముఖం తుడుచుకుని వేదిక దిగారు.

అంతటివాడు తుడుచుకున్నాక అది చెమటంటే ఎవరు నమ్ముతారు? హాలంతా ఒక్కసారి లేచింది. గురకపెడుతున్న కాపరి నిద్రలోనే ముఖం తుడుచుకున్నాడు.

తను ఎంత పని చేసిందో ఊల్కాన్‌కి అప్పుడు తెలిసింది. ఉపన్యాసం ఆగితే చాలనుకుంది. ఆగింది సభ. ఒకే రోజు రెండుసార్లు దీవెన అందుకున్న జనాన్ని మూడోసారి కూర్చోబెట్టడం ఏ టీచరు తరమూ కాదు. బేగాయిం జనంలోంచి ఎదురీదుతూ వచ్చింది.

“పెద్దమ్మా! ఇంకా నేను మాట్లాడనే లేదు!”

పొద్దున్న మీగడ దగ్గర అన్నట్టే అంది. ఊల్కాన్ చేతులు రెండూ గబగబా జేబుల్లో దోపేసుకుంది. జనం ఇద్దర్నీ తోసుకుంటూ వసారాలోకి, కోట్లవైపుకి తీసుకుపోయారు.

బయట మంచు. కోటు లేకుండా ఎవరూ బయటికి పోలేరు. కాబట్టి హాల్లో ఉన్న ప్రతి మనిషీ వసారాలోని మంచి గోడలన్నీ దాటుకుని, చివరికి ఒకే చోటికి వచ్చి ఆగాడు. మెదెర్ గారు చెయ్యి కొక్కేనికి చాచి, అలాగే నిలిచిపోయారు.

“వంతెన కడితే గడ్డి మొలుస్తుంది,” అని పైకే చదివారు. “ఏంటయ్యా ఇది? శాస్త్రమా, కాంట్రాక్టరు ప్రకటనా? ఎవరిది?”

బేగాయిం అటూ ఇటూ చూసింది. తెర లేదు, మైకు లేదు, వేదిక లేదు. ఆయన కోటు తొడుక్కుని మొదటి గుండీ పెట్టుకుంటున్నారు. ఆ గుండీ చూడగానే పిల్లకి టీచరు మాట గుర్తొచ్చింది.

“నాదండీ. ఇవతలి కొండ బోడి, అవతలి కొండ పచ్చన. రెంటి మీదా పడేది ఒకటే వాన. వంతెన కూలినప్పట్నుంచీ మందలన్నీ ఇటే మేస్తున్నాయి. రెండు వేసవులు రెండువైపులా గడ్డి కొలిచాను. గడ్డికి రోగం లేదండీ, నదికి వంతెన లేదు.”

మెదెర్ గారి చెయ్యి మూడో గుండీ దగ్గర ఆగింది. ఆయన బొమ్మలకేసి చూశారు. ఇవతలి కొండ చూశారు, అవతలి కొండ చూశారు. తరవాత, ఊల్కాన్ చూస్తుండగానే, పెట్టుకున్న గుండీలు ఒక్కొక్కటీ విప్పేశారు.

“ఎలా కొలిచావో చెప్పు.”

బేగాయిం చెప్పింది. పొయ్యి దగ్గర పిండి వేయిస్తూ చెప్పినట్టే చెప్పింది. మెదెర్ గారికి కాదు, కోట్ల వెనకనుంచి తొంగిచూస్తున్న పెద్దమ్మ ముఖానికి చెప్పింది. ఒక్క మాట ఎక్కువ లేదు. కాపరులు టోపీలు వెనక్కి తోసుకుని విన్నారు. ఎక్కడ మందలు ఆగిపోతాయో ఆ పిల్ల వేలితో చూపించినప్పుడు తూరార్ తాత, “అదే, అక్కడే! నా గొర్రెలు నదొడ్డున నిలబడి అటు చూస్తూ ఏడుస్తాయి,” అని కళ్ళొత్తుకున్నాడు.

జనం పక్కకి జరిగి దారిచ్చారు. అబ్దిల్దా గారు వచ్చారు. కళ్ళజోడు కోసం జేబు తడుముకుని, అక్కర్లేదని తెలిసి చెయ్యి దించేశారు.

“అమ్మాయ్, వంతెన కట్టాక ఇవతలి కొండ ఎన్నాళ్ళకి కోలుకుంటుంది?”

ఊల్కాన్ చేతులు జేబుల్లో పిడికిళ్ళయ్యాయి.

“అది నాకింకా తెలీదండి.”

ముసలాయన గెడ్డం కదిలింది. నవ్వుతున్నారు. “ఈ కాలేజీలో ఇన్నాళ్ళుగా ఉన్నాను. ఆ మాట అనడానికి నాకెప్పుడూ ధైర్యం చాల్లేదు. అందుకే నా ఉపన్యాసాలు అంత పొడుగు. మెదెర్, ఈ పిల్లని వదులుకున్నావంటే నీ అంత తెలివితక్కువవాడు కనుమకి ఈ పక్కన ఉండడు.”

“వదులుకోవడమేంటండీ? మే నెలలో చేరుతుంది,” అన్నారు మెదెర్ గారు.

ఊల్కాన్ కోట్ల మధ్యనుంచి ఊడిపడింది. బేగాయిం తలని గుండెకి అదుముకుని, “నా గుర్రప్పిల్లా, నా గుర్రప్పిల్లా,” అంటూ నెత్తి వాసన చూసింది. ఆమె కళ్ళముందు మాస్కో బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది, అందులో ఎవరూ లేకుండా. కాసేపటికి ఆమెకి ఓ సందేహం వచ్చింది. ఆమెకి సందేహం రాకపోతే కదా విచిత్రం.

“ఉద్యోగం ఈ ఊళ్ళోనే కదా బాబూ?”

“ఈ ఊళ్ళో గడ్డెక్కడుందమ్మా? అవతలి కొండ మీద. వంతెన కట్టేదాకా అక్కడే గుడారంలో ఉండి కొలవాలి. మందలు నడవలేని చుట్టుదారిన గుర్రం మీద వెళ్తుంది, మళ్ళీ మంచు పడ్డాక దిగుతుంది. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు కావాలిగా మరి.”

ఊల్కాన్ బోడి కొండ చూసింది, పచ్చని కొండ చూసింది. పోస్టరు మీద ఆ రెంటి మధ్యా ఉన్నది జానెడు ఖాళీ.

మే నెలలో బేగాయిం బయల్దేరే రోజు వచ్చింది. వంతెన సంగతి పై కార్యాలయాల్లో ఆలోచిస్తున్నారు. కాలిపా టీచరూ తూరార్ తాతా వీడ్కోలుకి వచ్చారు. బల్ల మీద వేయించిన పిండిముక్కలు, మీగడ, జామ్, కొత్త వెన్న. బేగాయిం ఈసారి కడుపునిండా తిన్నది. అందరి తిండీ ఎప్పుడో అయిపోయింది. మూటలు కట్టి ఉన్నాయి. గుర్రం దొరికే ఊరిదాకా దింపడానికి ఎసెన్ వ్యానులో ఎదురుచూస్తున్నాడు.

అందరూ ఊల్కాన్ చేతులకేసి చూస్తున్నారు. అవి కోటు జేబుల్లో ఉన్నాయి. మే నెలలో, పొయ్యి పక్కన, ఆమె కోటు వేసుకుని కూర్చుంది.

“పెద్దమ్మా,” అంది బేగాయిం మెల్లగా, “దీవించవా?”

“దీవించనని ఎవరన్నారే? టీ తాగనీ ముందు.”

“తాగాం కదా.”

“చెల్లెమ్మా,” అన్నాడు తూరార్ తాత, “ఆ రోజు అడక్కుండానే రెండుసార్లు దీవించావు. ఇవాళ అడిగి దీవెన తీసుకోవాల్సి వచ్చిందే!”

బయట ఎసెన్ హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. ఊల్కాన్ ఒక్క చెయ్యి మాత్రం జేబులోంచి తీసి, బేగాయిం కప్పులో అడుగు తడిసేంత టీ పోసింది.